కొత్త గంపకు పాత రంగు



పోయిన ఏడాది పట్నంలో ఒక షాపులో వెదురు గంప చూసిన. నల్లగా నిగనిగలాడుతోంది. దానికో చీటీ: ‘ట్రైబల్ గంప, వందేళ్ల నాటిది’. తిప్పి చూస్తే అడుగున కట్టింది నైలాన్ దారం! నవ్వొచ్చింది. ధర చూసినంక ఆ నవ్వు పోయింది.

కొత్త వస్తువుకు పాత రంగు తేవడం తప్పని నేను అనను. అది మనకు తెలిసిన పనే. కోసిన వెదురును కొన్ని వారాలు వాగులో నానేస్తం. అందులోని పిండి నీళ్లలో పోతే పురుగుకు తిండి దొరకదు. తర్వాత పొయ్యి పైన అటక మీద పెడితే పొగ పట్టి ముందు తేనె రంగు, ఏళ్లు గడిస్తే నలుపు. పొగ పెట్టేది అందానికి కాదు, పురుగు రాకుండా. జపాన్‌లో పాత ఇళ్ల కప్పుల్లో తరాల తరబడి పొగచూరిన వెదురును సుసుదాకే అంటరు. దాంతో చేసిన సామానుకు మంచి ధర ఉంది.

తొందరగా కావాలంటే వేరే దారి. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి కొన్ని వారాలు పులియబెట్టాలె. శ్రీకాళహస్తి కలంకారీవాళ్ల నల్లరంగు ఇదే. వెదురు పైపొర గీకి, కరక్కాయ నీళ్లు పూసి ఆరినంక ఇది పూయండి. కరక్కాయ వగరు, ఇనుము కలిసి నల్లబడతయి. వెదురులో వగరు తక్కువ, అందుకే కరక్కాయ లేకుంటే సరిగా పట్టదు. ముందు చిన్న ముక్క మీద చూసుకోండి.

అయినా తెలిసినోళ్ల కన్నుకు దొరికిపోతది. నిజంగా పాతదైతే చెయ్యి పడే అంచు అరిగి మెరుస్తది, అల్లిక సందుల్లో మసి దిగుతది. పూసిన రంగు అంతటా ఒకటే.

గొడవ ఎక్కడంటే, ‘వందేళ్ల నాటిది’ అనగానే చేసిన మనిషి మాయమైతది. బతికిలేని మనిషికి కూలి ఎంత ఇచ్చినవని ఎవరడుగుతరు? ఆ గంప అల్లిన అక్క మాత్రం ఎక్కడో వారసంతలో బేరమాడుతూ కూర్చుని ఉంటది. ఉషేగాం, కేస్లాగూడ ఓజాల ఇత్తడి పనికి 2018లో ఆదిలాబాద్ డోక్రా పేరుతో జీఐ గుర్తింపు వచ్చింది. అది ఇవాళ మైనం దారం చుట్టి పోతపోసే చేతులకు వచ్చింది. మనం మ్యూజియం అద్దం వెనక లేము.

ఇంకో మాట. నిజంగా వందేళ్లు దాటిన కళావస్తువును వ్యాపారి దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు. కాబట్టి అట్ల చెప్పి విదేశాలకు అమ్మేవాడు అబద్ధమైనా ఆడుతుండాలె, చట్టమైనా తప్పుతుండాలె.

మీరు రంగు వేయండి. ‘రంగు పాతది, పని కొత్తది’ అని చెప్పి అమ్మండి. అడుగున కాల్చిన మేకుతో పేరు, ఊరు, సంవత్సరం రాయండి. దళారి వచ్చి ‘ఆ సంవత్సరం తీసెయ్, ఇంకో రెండొందలిస్తా’ అంటడు. అప్పుడు మీ ఇంట్లో ఏమంటరో ఇప్పుడే మాట్లాడుకోండి. అవ్వ వాడిన పాత గంపకు ప్లాస్టిక్ బకెట్ ఇస్తమని వచ్చేటోళ్ల సంగతి కూడా.

పెరట్లో కుండ పులియబట్టి మూడు వారాలైంది. వాసన ఓర్చుకోగలిగినోళ్లు ముందు రండి.