లండన్‌లో మొదటి పది రాత్రులు

(విదేశీ విద్యకు వెళుతున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వీసా గురించి, ఫీజుల గురించి, బ్యాంకు రుణాల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాము. విమానం దిగిన రాత్రి బిడ్డ ఎక్కడ తల వాల్చాలి అన్న ప్రశ్న మాత్రం ప్రతిసారీ చివరికి మిగిలిపోతున్నది. "అక్కడ మనవాళ్ళెవరో ఉన్నారట, చూసుకుంటారట" అనే మాటతో దానిని దాటవేస్తున్నాము. ఈసారి లండన్ వెళ్ళే పిల్లలు ఎక్కువగా ఉన్నందున ఆ ఒక్క నగరాన్నే తీసుకొని, తక్కువ ఖర్చులో తొలి బస ఎంచుకోవడం ఎలాగో చెప్పదలచుకున్నాము.

ముందుగా హాస్టల్ అన్న మాట సంగతి. మన రాష్ట్రాలలో హాస్టల్ అంటే సంక్షేమ వసతిగృహం. వార్డెన్ ఉంటాడు, మెస్సు ఉంటుంది, ఏడాది పొడుగునా ఉండవచ్చు. లండన్ హాస్టల్ అటువంటిది కాదు. నాంపల్లి స్టేషన్ ఎదుట ఉన్న పాత సరాయిని తలచుకుంటే ఆ భావం దగ్గరగా అందుతుంది: బాటసారికి ఒక రాత్రికి ఒక మంచం. అద్దె గదికి కాదు, మంచానికి. ఒకే గదిలో నాలుగో, ఆరో, పన్నెండో అంతస్తుల మంచాలు, పక్క మంచం మీద ఏ దేశస్థుడో. 1912లో జర్మనీలో, ఆల్టెనా కోటలో, రిచర్డ్ షిర్మాన్ అనే ఉపాధ్యాయుడు విహారయాత్రకు వచ్చే పిల్లల కోసం నెలకొల్పిన వసతి ఈ పద్ధతికి మూలం. ఇంగ్లండులో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ 1930లో పుట్టింది. యూస్టన్ రోడ్డులో బ్రిటిష్ లైబ్రరీ ఎదుట ఉన్న సెయింట్ పాంక్రాస్ వసతి ఆ సంస్థదే. ఇండియన్ వై.ఎం.సి.ఎ. అని మరొకటి ఉంది. భారతీయ విద్యార్థుల కోసమే 1920లో ఏర్పడింది. ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లోని ప్రస్తుత భవనం 1953 నాటిది. పేరులో క్రైస్తవ సంఘం ఉన్నంత మాత్రాన మన పిల్లలు వెనుదీయనవసరం లేదు. అక్కడ అన్ని మతాలవారూ దిగుతారు.

అసలు హాస్టల్ ఎందుకు, నేరుగా గదిలోకే దిగితే డబ్బు మిగులుతుంది కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. మిగలదు. ఇక్కడి నుండే, ఫోనులో నాలుగు ఫోటోలు చూసి, వాట్సాప్‌లో మాట్లాడి, రెండు నెలల అద్దె పంపి, తీరా అక్కడ దిగాక ఆ చిరునామాలో అటువంటి గదే లేదని తెలిసిన కుటుంబాలు ఉన్నాయి. గది ఉన్నా, ఒకరికి చాలీచాలని చోట నలుగురి పరుపులు పరచి ఉన్న సందర్భాలూ ఉన్నాయి. రాత్రికి వేరే దిక్కు లేని పిల్లవాడు ఏ గది చూపినా ఒప్పుకుంటాడు. పది రాత్రులకు హాస్టల్ మంచం చేతిలో ఉన్నవాడు ఆరు గదులు చూసి, ఐదింటిని కాదనగలడు. ఆ కాదనగల శక్తికి చెల్లించే ధరగానే హాస్టల్ ఖర్చును చూడాలని మా అభిప్రాయం.

ఇది కొత్త కష్టం కాదు. ఈస్టిండియా కంపెనీ కాలం నుండి ఓడలలో పనిచేసిన మన దేశపు నావికులు, లస్కర్లనేవారు, వారిలో ముస్లింలు ఎందరో, లండన్ రేవులో దిగి బస దొరకక, చౌక బసల యజమానుల చేతిలో జీతం డబ్బు పోగొట్టుకొని వీధిన పడేవారు. వారి కోసం 1857లో లైమ్‌హౌస్ ప్రాంతంలో 'స్ట్రేంజర్స్ హోమ్' అనే వసతిగృహం తెరిచారు. అది 1937 వరకు నడిచింది. దొరల పిల్లలను చూసుకుంటూ ఓడ ఎక్కి వెళ్ళి, అక్కడ పని అయిపోగానే వదిలివేయబడిన ఆయాల కోసం హాక్నీలో వేరుగా ఒక 'ఆయాల గృహం' ఉండేది. 2022లో ఆ ఇంటికి స్మారక ఫలకం అమర్చారు. చదువు కోసం వెళ్ళే మన బిడ్డలకూ వారికీ పోలిక లేదు. ఒక్కటి మాత్రం మారలేదు: కొత్త మనిషికి నగరం తెలియదన్న సంగతి చౌక బస యజమానికి బాగా తెలుసు.

ఇక ఎంపిక విషయానికి వద్దాము. మొదట కళాశాల ఎక్కడ ఉన్నదో తేల్చుకోవాలి. ఇది చిన్న మాటగా తోచవచ్చు. హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చి 'లండన్ వెళుతున్నాము' అనుకునేవారు ఉన్నారు. అది లండన్‌కు ఉత్తరాన, హాట్‌ఫీల్డ్ అనే పట్టణంలో ఉన్నది. ఈస్ట్ లండన్ విశ్వవిద్యాలయం స్ట్రాట్‌ఫర్డ్, డాక్‌లాండ్స్ వైపు, మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయం వాయవ్యాన హెండన్‌లో ఉన్నాయి. నగరాన్ని రవాణా సంస్థ నడిబొడ్డు నుండి బయటికి వలయాలుగా విభజించింది. మొదటి వలయం నడిబొడ్డు, హీత్రో విమానాశ్రయం ఆరవ వలయం. వలయాలు దాటేకొద్దీ రైలు చార్జీ పెరుగుతుంది. కనుక తెరమీద కనిపించే మంచం ధర ఒక్కటే ధర కాదు. దూరపు వలయంలో రాత్రికి ఎనిమిది పౌండ్లు తక్కువని దిగామనుకుందాం, రానుపోను రైలుకు అంతకు మించి కరిగిపోవచ్చు. ఒక పౌండు నూరు రూపాయలు దాటి ఉన్న రోజులలో ఈ కూడికలు కాగితం మీద వేయించండి. సిటీ బస్సులు 2014 నుండి నగదు తీసుకోవడం లేదు. ఆయిస్టర్ కార్డు గాని, అక్కడ చెల్లుబాటయ్యే బ్యాంకు కార్డు గాని దిగిన గంటలోనే కావాలి. హీత్రో నుండి పికడిల్లీ రైలు ఎర్ల్స్ కోర్టు మీదుగా కింగ్స్ క్రాస్‌కు నేరుగా పోతుంది. ఎలిజబెత్ రైలు వైట్‌చాపెల్‌కు త్వరగా చేరుస్తుంది గాని చార్జీ ఎక్కువ.

వైట్‌చాపెల్ పేరు ఎత్తితే చాలు, మనవారు అక్కడే దిగుదామంటారు. ఈస్ట్ లండన్ మసీదు అక్కడే ఉన్నది. హలాల్ భోజనానికి, జుమాకు కొదవ లేదు. రీజెంట్స్ పార్కు దగ్గర సెంట్రల్ మసీదు కూడా ఉన్నది. అయితే మసీదు దగ్గర అన్న ఒక్క కారణంతో గుర్తింపులేని బసను ఎంచుకోవద్దని మనవి. నమాజుకు లండన్‌లో ఎక్కడైనా చోటు దొరుకుతుంది, విశ్వవిద్యాలయాలలో ప్రార్థన గదులు సాధారణం. మనకు పడమర వైపు తిరగడం అలవాటు. అక్కడ ఖిబ్లా ఆగ్నేయ దిశగా ఉంటుంది. జూన్‌లో సూర్యుడు తెల్లవారుజామున ఐదు గంటల లోపే లేచి రాత్రి తొమ్మిది దాటాక అస్తమిస్తాడు. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకమునుపే మగ్రిబ్ అయిపోతుంది. ఫజ్ర్‌కు లేచేవారు ఫోను గంట మోగించక, దిండు కింద కదిలేలా పెట్టుకోవాలి. అదే గదిలో ఏడుగురు నిద్రపోతూ ఉంటారు.

డిసెంబరు చీకటిని ప్రస్తావించడానికి మరొక కారణం ఉంది. జనవరిలో తరగతులు మొదలయ్యే ఆడపిల్లలు కళాశాల నుండి తిరిగి వచ్చేసరికి చీకటి పడి గంటలు గడుస్తాయి. రైలు స్టేషను నుండి హాస్టల్‌కు ఎన్ని నిమిషాల నడక, అది పెద్ద వీధా, సందా అన్నది పటంలో చూసి గాని డబ్బు కట్టకూడదు. స్త్రీలకు మాత్రమే కేటాయించిన గది చాలా హాస్టళ్ళలో ఉంటుంది. బుకింగ్‌లో ఆ మాట ఎంచుకోకపోతే స్త్రీ పురుషులు కలిసి పడుకునే గదిలో మంచం రావచ్చు. అది అక్కడ మామూలు ఏర్పాటు, ఎవరినీ తప్పు పట్టలేము. స్నానాల గది లోపలే ఉన్నదా, నడవా చివర అందరికీ కలిపి ఉన్నదా? రిసెప్షన్ రాత్రంతా తెరిచి ఉంటుందా? హిజాబ్ తీసి తల దువ్వుకునే చోటు కావాలి కదా. ఈ ప్రశ్నలు ఈమెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకనే చెల్లించండి. జవాబు ఇవ్వని హాస్టల్ అర్ధరాత్రి తలుపు తీస్తుందని నమ్మడం ఎలా?

చౌక హాస్టళ్ళలో అనేకం కింద బారు నడుపుతూ పైన మంచాలు అద్దెకిస్తాయి. అటువంటి భవనంలో పడుకున్నంత మాత్రాన ఈమాన్ పోదు. కాని బారు గుండా నడిచే పైకి పోవలసి ఉంటే, అర్ధరాత్రి వరకు పాటలు మోగుతుంటే, మరొక నాలుగు పౌండ్లు పెట్టి వేరేచోటు చూసుకోవడమే మేలు. వంటగది ఉన్న హాస్టల్ దొరికితే ఆ నాలుగు పౌండ్లు భోజనంలో తిరిగి వస్తాయి. గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టవద్దు. పొగ గంట మోగితే భవనమంతా వీధిలోకి రావలసి ఉంటుంది. మరుగుదొడ్డిలో నీళ్ళు ఉండవు, కాగితమే ఉంటుంది. ఒక ప్లాస్టిక్ చెంబు పెట్టెలో పెట్టండి, ఇందులో సిగ్గు పడవలసిందేమీ లేదు. పెట్టె దాచుకునే అరకు చాలాచోట్ల తాళం మనదే కావాలి. మన ప్లగ్గు అక్కడి గోడలో పట్టదు, అడాప్టరు ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి కొన్నిచోట్ల ప్రవేశం లేదు. రెండు వారాలకు మించి ఉండనివ్వని హాస్టళ్ళూ అనేకం. రద్దు చేస్తే సొమ్ము తిరిగి ఇస్తారా అన్నది అన్నిటికంటే ముఖ్యం. వీసా ఆలస్యమై ప్రయాణం జరిగిపోయిన సందర్భాలు మనకు కొత్త కాదు. కొంచెం ఎక్కువైనా రద్దు చేసుకోగల మంచమే తీసుకోండి.

రిసెప్షన్‌లో పాస్‌పోర్టు అడిగితే గాబరా పడవద్దు. 1972 నాటి నిబంధన ప్రకారం పదహారేళ్ళు దాటిన ప్రతి అతిథి పేరు, జాతీయత వారు నమోదు చేసుకోవాలి. తెల్లవారైనా అంతే. చూపించాలి, తిరిగి తీసుకోవాలి. పూచీగా వారి వద్ద ఉంచడానికి ఒప్పుకోకూడదు.

ఇప్పుడు మనసులో ఉన్న మాట చెప్పాలి. మన పట్టణాలలో టు-లెట్ బోర్డు చూసి తలుపు తట్టి, పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశామండీ" అన్న జవాబు వినని ముస్లిం కుటుంబం ఈ సభలో ఉన్నదా? విని విని మన పిల్లలు తమ పేరును ఒక లోపంగా మోస్తున్నారు. బుకింగ్‌లో పేరు కుదించి రాయవచ్చునా, హిజాబ్ లేని ఫోటో పెట్టనా అని మమ్మల్ని అడిగినవారు ఉన్నారు. పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయండి. పేరు తేడా వస్తే ప్రవేశానికే చిక్కు. అంతకు మించి, అక్కడి 2010 సమానత్వ చట్టం మతం కారణంగా వసతి నిరాకరించడాన్ని నిషేధిస్తున్నది. డబ్బు తీసుకొని సేవ అందించే హాస్టల్ ఈ చట్టం పరిధిలోకి వస్తుంది. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి, తేదీ, సమయం, మాట్లాడినవారి పేరు రాసుకోవాలి. కౌంటీ కోర్టుకు పోదలచుకుంటే ఆరు నెలల లోపు పోవాలి. ఆ దేశంలో ద్వేషం లేదని మేము అనడం లేదు. 2024 జూలై చివరలో సౌత్‌పోర్ట్‌లో మసీదుపై ఇటుకలు విసిరారు, ఆ తరువాత అల్లర్లు అనేక పట్టణాలకు పాకాయి. ద్వేషం ఉన్న చోటనే చట్టం తెలిసి ఉండాలి.

చట్టం మనవారి మీద కూడా పనిచేస్తుంది, ఇది కొందరికి రుచించకపోవచ్చు. పరుపుల గదులు నడిపేవారిలో మన భాష మాట్లాడేవారు, సలాము చెప్పేవారు ఉన్నారు. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు గాని అంతకు మించి గాని కలిసి ఉండే ఇంటికి ఇంగ్లండులో స్థానిక కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. అటువంటి ఇంట్లో ఒక పెద్దమనిషి పడుకునే గది 6.51 చదరపు మీటర్లకు, ఇద్దరి గది 10.22 చదరపు మీటర్లకు తగ్గకూడదు. 2019 నుండి గది నిలిపి ఉంచడానికి ఒక వారం అద్దెకు మించి తీసుకోకూడదు. పూచీ సొమ్ము, సాధారణ అద్దెలకు, ఐదు వారాల అద్దెకు మించరాదు. 'ఏజెంటు ఫీజు' అని అద్దెకుండేవారి నుండి వసూలు చేయడానికి వీల్లేదు. ప్రభుత్వ కార్యాలయంలో రశీదులతోనే ఉద్యోగకాలం గడిపినందువల్ల కావచ్చు, రశీదు ఇవ్వను అన్నవాడి ధర్మపన్నాలను మేము నమ్మము. విశ్వవిద్యాలయపు వసతి విభాగం ఉచితంగా ఒప్పందం చదివి పెడుతుంది, సంతకానికి ముందే చూపించండి.

తెలంగాణ మైనారిటీ విదేశీ విద్యా ఉపకార వేతనం పొందుతున్న కుటుంబాలు ఒక లెక్క గమనించాలి. 20 లక్షల వరకు ఇచ్చే ఆ సొమ్ము రెండు విడతలుగా వస్తుంది. మొదటిది బిడ్డ అక్కడ దిగినట్లు పత్రం సమర్పించాక, రెండవది మొదటి సెమిస్టర్ ఫలితాల తరువాత. అంటే ఈ పది రాత్రుల ఖర్చు ఇంటి సొమ్ములో నుండే పోవాలి. నగలు కుదువ పెట్టి తెచ్చిన డబ్బులో ఫీజు, టికెట్టు పక్కన దీనికీ ఒక వరుస రాయండి, మిగిలితే చూద్దామని వదలకండి.

అసర్ నమాజు తరువాత ఈ హాలులోనే కూర్చుంటాము. ప్రవేశ పత్రం, పాస్‌పోర్టు ప్రతి, వెళ్ళే తేదీ తీసుకురండి. కళాశాల ఏ వలయంలో ఉన్నదో పటంలో చూసి, రెండు మూడు హాస్టళ్ళకు ఈమెయిళ్ళు ఇక్కడి నుండే రాయిస్తాము. ఆడపిల్లల తల్లులు కూడా బిడ్డల పక్కనే కూర్చొని, అడగవలసినవి అడగండి.