టార్చిలైటు నీటిని ఎంతవరకు తట్టుకొనును?

(పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేటి మా ప్రసంగ విషయము చాల చిన్నది. ప్రతి యింటను గూటిలోనో తలగడ క్రిందనో ఉండెడి టార్చిలైటును గురించి నాలుగు మాటలు చెప్పదలచితిమి. ఇంత చిన్న వస్తువు కొరకు ఇందరి కాలమును వ్యయపరచుట ఎందులకని మీకు తోపవచ్చును. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనను, 2022 జూలైలో భద్రాచలము వద్ద 71 అడుగులు దాటిన గోదావరిని, 2024 సెప్టెంబరులో విజయవాడ పేటలలోనికి వచ్చిన బుడమేరును మీరెరుగుదురు. ఇట్టి విపత్తులలో కరెంటు పోయిన పిమ్మట మనిషికి మిగులునది చేతిలోని దీపమే. ఆ దీపము నీటిలో నిలుచునా, నిలువదా అనునది అప్పుడు ఆలోచింపవలసిన విషయము కాదు. ముందుగానే తెలిసికొనియుండవలసిన విషయము.

మేము ఉద్యోగములో ప్రవేశించిన కొత్తలో ఒక వానకాలపు రాత్రి ఒక గ్రామపు చెరువు కట్టపై నిలిచియుంటిమి. తూము తలుపు సగము లేచి ఆగిపోయెను. ఏదో కొమ్మ అడ్డుపడినదని తలచి ఒక యువకుడు నడుమునకు త్రాడు కట్టుకొని, టార్చి చేతబట్టుకొని నీటిలోనికి దిగెను. ఆ టార్చి పెట్టెపై 'వాటర్ ప్రూఫ్' అని పెద్ద అక్షరములతో అచ్చువేసియుండెను. ఆ అక్షరములను చదివి వినిపించి అతనికి ధైర్యము చెప్పినవారము మేమే. అతడు నిలువు లోతునకు పోకమునుపే స్విచ్చిలోనికి నీరు చొచ్చి దీపము ఆరెను. చీకటిలో దిక్కు తెలియక అతడు తూము వైపునకే పోయెను. నీటి లాగుడు అతనిని పట్టుకొనక ముందే నీరుగంటి త్రాడు లాగి గట్టునకు చేర్చెను. ఆ రాత్రి అతనిని కాపాడినది త్రాడు. మేము నమ్మిన దీపము కాదు.

ఆనాటినుండి ఈ సంగతిని శ్రద్ధగా తెలిసికొంటిమి. తెలిసికొన్నదానిని మీ ముందు ఉంచుచున్నాము.

పెట్టెపై అంకెలకు అర్థము

'వాటర్ ప్రూఫ్' అను మాటను మాత్రమే చూచి టార్చిని కొనరాదు. చినుకులకు ఓర్చునది, నీటిలో మునిగి నిలుచునది, రెండును ఆ మాటతోనే అమ్ముడుపోవుచున్నవి. దానికి బదులు 'ఐ.పి.' అను గుర్తును వెదకవలెను. ఇది 60529 అను సంఖ్యగల అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి వేయబడు గుర్తు. దాని ప్రక్కన రెండంకెలుండును. మొదటిది దుమ్మును గురించినది, రెండవది నీటిని గురించినది. దుమ్ము పరీక్ష జరుపనిచో మొదటి అంకె స్థానమున 'ఎక్స్' అను అక్షరము వేయుదురు.

రెండవ అంకె 4 అయినచో అన్ని వైపులనుండి చిలుకు నీటిని టార్చి తట్టుకొనును. వానలో పొలమునకు పోవుటకు అది చాలును. 5 గాని 6 గాని అయినచో గొట్టముతో చిమ్ము నీటి ధారను తట్టుకొనును. 7 అయినచో ఒక మీటరు లోతున ముప్పది నిమిషములు మునిగియుండగలదు. 8 అయినచో అంతకు మించిన పరీక్షకు నిలిచినదని అర్థము. అయితే ఎంత లోతు, ఎంత సేపు అనునది తయారీదారు విడిగా చెప్పవలెను. లోతు చెప్పని 8 అంకెను నమ్ముకొని లోతు నీటిలోనికి దిగరాదు.

ఇందు రెండు మెలికలు కలవు. 7 అంకె గలది 6 అంకె పరీక్షకు కూడ నిలుచునని అనుకొనరాదు. నిలకడ నీటిలో మునుగుట వేరు, ధారను తట్టుకొనుట వేరు. రెండును తట్టుకొనునట్టి వస్తువుపై రెండు గుర్తులును వేయుదురు. ఇక రెండవది, 7 అంకెకు చేయు పరీక్ష కొత్త వస్తువునకు, కదలని మంచినీటిలో చేయునది. మన వరదనీరు బురదతో, వేగముతో వచ్చును. సముద్రపు నీటిలో ఉప్పు ఉండును. మన టార్చి కొన్ని ఏండ్లు వాడబడినదై యుండును.

నీరు ఎట్లు చొచ్చును?

నీటిలో దిగిన కొలది ఒత్తిడి పెరుగును. పది మీటర్ల లోతున చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో బరువు అదనముగా పడును. టార్చి ముందరి అద్దము అడ్డుకొలత అయిదు సెంటీమీటర్లు అనుకొందము. ఒక మీటరు లోతున దానిపై సుమారు రెండు కిలోల బరువు పడును. పది మీటర్ల లోతున ఇరువది కిలోలగును. మూడు మీటర్ల ఎత్తునుండి బావిలో జారిపడిన టార్చి నీటిని తాకిన క్షణమున కనీసము మూడు మీటర్ల లోతునందలి దెబ్బకు గురియగును. అందుచేత 7 అంకెగల టార్చి గట్టుమీదినుండి పడి పాడైనచో ఆశ్చర్యపడ బనిలేదు.

వేడి కూడ నీటికి దారి తీయును. ఎండలో కాగిన టార్చిని చల్లని నీటిలో ముంచినచో లోపలి గాలి ముడుచుకొని బయటి నీటిని పీల్చును. నలుబది డిగ్రీలనుండి ఇరువదియైదు డిగ్రీలకు దిగినచో ఆ పీల్పుడు అర మీటరు లోతు ఒత్తిడికి సమానము.

అద్దము అంచు, వెనుక మూత మర, స్విచ్చి, చార్జింగు రంధ్రము నీరు చొచ్చు తావులు. వీనిని కాపాడునది సన్నని రబ్బరు ఉంగరము. ఒక తల వెండ్రుక గాని, ఇసుక రేణువు గాని దానిపై నిలిచినచో నీటికి దారి దొరకును. ఉంగరము ఎండి పగిలినచో మార్చవలెను. టార్చి తయారీదారు చెప్పిన గ్రీజునే పలుచగా పూయవలెను. దొరికిన నూనెనెల్ల పూసినచో కొన్ని రకముల రబ్బరు ఉబ్బి చెడిపోవును.

వెలుగుచున్నది గదా యని భ్రమపడరాదు

కొందరు టార్చిని బకెట్టులో ముంచి, వెలుగుచున్నది గావున నీరు చొరలేదందురు. అది తప్పు. టార్చి బ్యాటరీ శక్తి స్వల్పము, మంచినీటిగుండ కరెంటు అంతగా పారదు. కావున లోపల నీరు నిండినను కొంతసేపు దీపము వెలుగవచ్చును. తుప్పు పట్టి ఆరుట తరువాత జరుగును.

సరియైన పరీక్ష ఇది. బ్యాటరీలు తీసి, ఆ చోట పొడి వార్తాపత్రిక ముక్కను ఉంచి, మూత బిగించి, రాయి కట్టి ఒక మీటరు లోతున అర గంట ఉంచవలెను. బుడగలు వచ్చు చోటే నీరు చొచ్చు చోటు. తీసిన తరువాత బయట బాగుగా తుడిచి, పిదప మూత విప్పవలెను. కాగితము తడిసినచో ఆ టార్చి వానకు మాత్రమే పనికివచ్చును. అయితే 7, 8 అంకెలు లేని టార్చికి ఈ పరీక్ష అవసరము లేదు. దానిని నీటిలో వాడకుండుటయే మేలు.

లోపల తడిసిన టార్చిని చార్జింగునకు పెట్టరాదు. తడిసిన బ్యాటరీలనుండి వాయువు పుట్టి, బిగించిన గొట్టము పగులవచ్చును. మూతను ముఖమునకు దూరముగా ఉంచి విప్పవలెను. ఉప్పునీరు చొచ్చినచో బ్యాటరీలు తీసి, గొట్టమును మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టవలెను. తడిసిన బ్యాటరీలను మరల వాడరాదు.

దీపము చెప్పజాలని సంగతి

పూర్వము పాడుబావిలోనికి దిగునప్పుడు లాంతరును ముందుగా దింపెడివారు. ప్రాణవాయువు తక్కువైన చోట లాంతరు ఆరును. టార్చి అట్లు ఆరదు. మనిషి ఊపిరి ఆగు చోటను అది వెలుగుచునే యుండును. అట్లని లాంతరును నమ్ముటయు క్షేమము కాదు. విషవాయువులన్నిటిని అది తెలుపజాలదు, మండెడి వాయువున్నచో నిప్పంటుకొనును. కావున టార్చి వెలుగుచున్నది గదా యని ఎవ్వరినీ పాడుబావిలోనికి దింపవద్దు. 101 గాని 112 గాని నంబరునకు ఫోను చేసి అగ్నిమాపక సిబ్బందిని పిలువవలెను. బావిలో చేద పడినచో పగటివేళ అద్దముతో ఎండను లోనికి మరల్చి, పాతాళగరిగెతో తీయు మన పెద్దల పద్ధతియే నేటికిని మేలైనది. బురదనీటిలో ఎంత గొప్ప టార్చియైనను జానెడు దూరము చూపుట కష్టము. తూము తెరచియున్నప్పుడు దాని దాపున నీటిలోనికి ఎవ్వరును దిగరాదు.

పంచాయతీ చేయదగిన పని

పంచాయతీకి టార్చిలు కొనునప్పుడు తీర్మానములో 'వాటర్ ప్రూఫ్' అని మాత్రమే వ్రాయక, అంకెను, లోతును, నిమిషములను వ్రాయుడు. సరకు వచ్చిననాడే పై పరీక్ష జరిపి ఫలితమును స్టాకు రిజిష్టరులో ఎక్కించుడు. వాడని కాలమున బ్యాటరీలు విప్పి విడిగా ఉంచుడు. ఏటేట మృగశిర కార్తెకు ముందే ఉంగరములను, స్విచ్చులను పరీక్షింపుడు. వానికి ఒకరిని బాధ్యునిగా నియమింపుడు. ప్రతి టార్చికి చేతి త్రాడు కట్టుడు. నీటి పనికి పోవువారికి ఒకటి కాక రెండు టార్చిలు ఇండు. నడుమునకు త్రాడు, గట్టున దానిని పట్టుకొను మనిషి లేనిదే ఎవ్వరిని నీటిలోనికి పంపకుడు.

ఈ పనులకు పెద్ద వ్యయము కాదు. ఒక పూట శ్రద్ధ చాలును. పెట్టెపై అక్షరములను చదివి ఇతరులకు ధైర్యము చెప్పుట ఎంత తేలికయో మేమొకనాడు చూచితిమి. ఆ ధైర్యమునకు పూచీపడవలసినవారు దానిని చెప్పినవారే. మీ గ్రామములో ఆ మాట చెప్పువారు మీరే కావున, చెప్పుటకు ముందు అంకెను చదువుడు, టార్చిని పరీక్షింపుడు, త్రాడును బిగింపుడు. ఇదియే మా మనవి.