నలుబది దినముల నిరాడంబర వ్రతము
(బరంపురమున తెలుగు కుటుంబముల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మన క్రైస్తవ కుటుంబములకు శ్రమదినములు సమీపించుచున్నవి. వీనినే కొందరు లెంతు దినములనియు, కథోలిక సోదరులు తపస్సుకాలమనియు పిలుతురు. ఈ సభలో అన్ని మతములవారును కలరు గనుక ముందుగా రెండు మాటలు విన్నవించెదము. భస్మ బుధవారము మొదలు ఈస్టరు ముందటి శనివారము వరకు లెక్కించిన 46 దినములగును. అందు ఆదివారములు ఆరు. అవి ప్రభువు పునరుత్థానమును స్మరించు దినములగుటచే వానిని విడువగా మిగిలినవి 40. క్రీస్తు అరణ్యమున ఉపవాసముండిన దినములకు ఇది గురుతు. క్రీ.శ. 325లో నికేయా పట్టణమున కూడిన మహాసభ నియమములలోనే ఈ నలుబది దినముల ప్రస్తావన కలదు. ఏకాదశి, కార్తిక సోమవారము, రంజాను ఎరిగిన మనకు ఇట్టి వ్రతము వింత కాదు.

పూర్వము ఉపవాస నియమములు మిక్కిలి కఠినముగా నుండెడివి. 1966లో ఆరవ పౌలు పోపుగారు వానిని సడలించిరి. నేడు కథోలికులకు భస్మ బుధవారము, శుభ శుక్రవారము ఈ రెండే విధిగా ఉపవాస దినములు. ఆ దినములలో నిండు భోజనము ఒక్క పూటయే. 18 ఏండ్లు నిండినవారు మొదలు 59 ఏండ్లు నిండువరకే ఈ విధి. ప్రొటెస్టంటు సంఘములలో కొన్నిటికి ఈ వ్రతము ఆచారమే కాదు. విధి తేలికయైనది గనుక, ఏమి మానవలెను, ఏమి చేయవలెను అను విచారణ ప్రతి ఇంటి మీదను పడినది.

మేము వ్యాపారులము. ఎవరి వ్రతము ఎట్లు ముగియునో మా ఖాతా పుస్తకములు కొంత చెప్పును. నలుబది దినములు మాంసము మానిన ఇంటివారే ఈస్టరు వారమున క్రొత్త బట్టలకు, విందు సరుకులకు అరువు వ్రాయించుకొని, ఆ బాకీని ఆషాఢము వరకు ఈడ్చుచుందురు. అమ్మకము పెరిగిన మాకు లాభమే. అయినను చెప్పక తప్పదు: అప్పుతో ముగిసిన ఉపవాసము వలన ఇంటికి మేలు లేదు. మద్యము మానిన మగవారు కొందరు పండుగ సాయంత్రమే నలుబది దినముల లోటును తీర్చుకొందురు. దాని ఫలమును ఇంటి ఆడువారు అనుభవింతురు.

కావున నాలుగు చిన్న పనులను సూచించుచున్నాము.

మొదటిది పిడికెడు బియ్యము. మన తల్లులు ఎరిగిన పద్ధతియే ఇది. వంటకు బియ్యము తీయునపుడు ఒక పిడికెడు వేరు డబ్బాలో వేయవలెను. దినమునకు 50 గ్రాములనుకొన్నను నలుబది దినములకు రెండు కిలోలు. ముప్పది ఇండ్లు చేరిన 60 కిలోలు. శుభ శుక్రవారమునకు ముందే అది లేనివారి ఇంటికి చేరవలెను. ఇచ్చినవారి పేరు ప్రకటింప నక్కరలేదు.

రెండవది లెక్కల శుద్ధి. శ్రమదినములలోనే తరచుగా మార్చి 31 వచ్చును, ఖాతాలు ముగింతుము. అన్యాయపు కట్లను విప్పుటయే నిజమైన ఉపవాసమని యెషయా ప్రవక్త బోధ. కూలివాని కూలి ఆ సాయంత్రమే ఇచ్చుట, తూకము సరిచూచుట, తీర్చలేని విధవరాలి చిన్న బాకీని కొట్టివేయుట మన అంగళ్లలోనే చేయదగిన ఉపవాసములు. గోడ తగాదాతో మాటలు మానిన అన్నదమ్ములు ఈస్టరునకు ముందు ఒక్కసారి పలుకరించుకొన్న, అదియు ఒక బాకీ తీరినట్లే.

మూడవది చలివేంద్రము. ఎండలు ముదురు కాలమిది. నాలుగు ఇండ్లవారు కలిసి అంగడి ముందు రెండు కుండలు పెట్టి, ప్రతి ఉదయము కడిగి నీరు నింపిన చాలును. దాహమునకు మతము లేదు, భాష లేదు.

నాలుగవది మన భాష. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడిననాటి నుండి మనము ఇచ్చట అల్పసంఖ్యాకులము. మన పిల్లలు ఒడియా, ఇంగ్లీషు చక్కగా చదువుదురు, అది సంతోషమే. కాని నాయనమ్మ కీర్తనల పుస్తకమును తెరచిన అక్షరములు కూడుకొనలేని పిల్లలు మన ఇండ్లలో కలరు. తెలుగు క్రైస్తవులెల్లరు పాడుకొను కీర్తనలను రచించిన పురుషోత్తమ చౌదరిగారు 1803లో మన పొరుగుననే, పర్లాకిమిడి ప్రాంతమున, జన్మించినవారు. ఆయన పాటలను మన పిల్లలే చదువలేకపోవుట తగునా? రాత్రి భోజనమునకు ముందు పావుగంట టెలివిజను, ఫోను ప్రక్కన పెట్టి, సువార్తలో పది వచనములు పిల్లలచేతనే తెలుగున చదివించి, ఒక కీర్తన పాడుడు. తప్పులు చదివినను నవ్వకుడు. నలుబది రాత్రులలో నాలుగు వందల వచనములగును. ఇతర మతముల కుటుంబములు తమ గ్రంథములతో ఇట్లే చేయవచ్చును.

ఇంకొక మాట. ఉగాది తరచుగా ఈ దినములలోనే వచ్చును. పొరుగింటి అమ్మ ప్రేమతో పంపిన ఉగాది పచ్చడిని త్రోసిపుచ్చుట వ్రతము కాదు. పుచ్చుకొని, ఈస్టరునాడు వారి పిల్లలను మన ఇంటికి పిలువవలెను.

ఈ పనులలో దేనికిని అప్పు అక్కరలేదు, ఆర్భాటము అక్కరలేదు. నాలుగును చేయలేనివారు ఒక్కటి ఎన్నుకొని నలుబది దినములు విడువక చేయుదురుగాక. భస్మ బుధవారమునాటికి ఒక ఖాళీ డబ్బాను కడిగి ఆరబెట్టి వంటయింట సిద్ధముగా నుంచుడని తల్లులకు మనవి చేయుచున్నాము.