యుద్ధకాలమున నొక వ్యంగ్యచిత్రము



మాటకు వాచ్యము, లక్ష్యము, వ్యంగ్యము అని మూడర్థములు గలవని ఆలంకారికులు చెప్పుదురు. నోట పలుకక మనసునకు తోపించునది వ్యంగ్యము. పత్రికలయందలి బొమ్మలకు వ్యంగ్యచిత్రములను పేరు తగియే యున్నది. అట్టి బొమ్మ యొకటి యుద్ధకాలమున నొక ప్రభుత్వమును కలవరపెట్టిన వృత్తాంతమును నేడు విన్నవించెదను.

1942వ సంవత్సరారంభమున జర్మను జలాంతర్గాములు అట్లాంటిక్ సముద్రమున నూనె యోడలను విరివిగా ముంచుచుండెను. ఇంగ్లండునకు పెట్రోలు సముద్రము దాటియే రావలయును. ఆ దినములలో దాని వెల యొక పెన్నీ పెరిగెను. మార్చి 6వ తేదీన లండనులోని డెయిలీ మిర్రర్ పత్రికలో ఫిలిప్ జెక్ అను చిత్రకారుని బొమ్మ వెలువడెను. చీకటి సముద్రము, ఓడ మునిగినది, నావికుడొకడు తెప్పను కరచుకొని పడియున్నాడు. క్రింద, పెట్రోలు వెల యొక పెన్నీ పెరిగినదని సర్కారు ప్రకటనవలె నొక్క వాక్యము.

పెట్రోలు ప్రతి బొట్టును ప్రాణములతో కొన్నది, వృథా చేయకుడని జెక్ అభిప్రాయము. ప్రభుత్వమువారికి వేరొకటి తోచెను: వర్తకుల లాభమునకై నావికులు చచ్చుచున్నారను నింద! సింగపూరు పడిపోయి అప్పటికి మూడు వారములైనను కాలేదు. ప్రధాని చర్చిల్ ఆగ్రహించెను. మార్చి 19న హోమ్ మంత్రి హెర్బర్ట్ మారిసన్, ఇట్టివి మానకున్న పత్రికను నిలిపివేయుదుమని పార్లమెంటులో హెచ్చరించెను. అది వట్టి బెదిరింపు కాదు. 1941 జనవరిలో డెయిలీ వర్కర్ పత్రికను ఆయనయే మూయించియుండెను. 26న సభలో తీవ్రమైన చర్చ జరిగెను. తుదకు మిర్రర్ మూతపడలేదు.

జెక్ మొదట వ్రాయదలచినది పెట్రోలు ఇప్పుడు మరింత ప్రియమైనదను మాట మాత్రమే. దానిని మార్చి పదును పెట్టుమన్నవాడు ఆ పత్రికలోనే వ్రాయుచుండిన విలియం కానర్. బొమ్మ మారలేదు. పెన్నీ వచ్చి చేరుటతో లాభపు తలంపునకు త్రోవ యేర్పడినదని నాకు తోచును.

వక్త యెవడు, శ్రోత యెవడు, సందర్భ మేది అని విచారింపక వ్యంగ్యమును నిర్ణయింపరాదని బడిలో పిల్లలకు చెప్పుచుండెడివాడను. యుద్ధవార్త మునిగిన యోడలను లెక్కించును. బొమ్మ ఆ లెక్కలోని మనుష్యుని చూపును. పాలకులు దానికి జంకుట అందువలననే. కాని తమకు తోచిన యర్థమునకు చిత్రకారుని దండింపబూనుటకు ముందు, అతని యర్థ మేమో అడిగి తెలిసికొనుట న్యాయము. పత్రిక చూచు మనకును ఈ నియమమే వర్తించును.