ఎరుపులో ఏ ఎరుపు?

మంత్రాలయం, ఆదోని వైపు నుంచి లేపాక్షి వెళ్లేవాళ్లు ఈసారి వీరభద్రాలయం నాట్యమండపంలో కాసేపు తలెత్తి చూడండి. 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో, సున్నపు గచ్చు మీద వేసిన బొమ్మలవి. చాలాచోట్ల రంగు పెచ్చులూడిపోయింది. మిగిలినదాంట్లోంచి పరీక్షకని ఆవగింజంత గీకడానికైనా నాకు మనసొప్పదు.

గోడను ముట్టకుండానే రంగును పోల్చే పద్ధతి ఒకటుంది: మల్టీస్పెక్ట్రల్ ఇమేజింగ్. మన కంటికి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వెలుగే కనిపిస్తుంది. ఈ కెమెరా అటు అతినీలలోహితంలోనూ, ఇటు పరారుణంలోనూ ఒకే బొమ్మను విడివిడిగా తీస్తుంది. జేగురు, ఇంగిలీకం రెండూ ఎరుపే కదా! 850, 900 నానోమీటర్ల మధ్య తీస్తే ఇనుమున్న జేగురు కాస్త నల్లబడుతుంది, పాదరసమున్న ఇంగిలీకం తెల్లగా మెరుస్తుంది. దీపపు మసితో గీసిన గీత పరారుణంలోనూ నల్లగానే ఉంటుంది. పైపూత పలచనైతే, దాని అడుగున చిత్రకారుడు మొదట గీసుకున్న రేఖ కూడా బయటపడొచ్చు. నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది అదే.

అయితే ఫొటో ఒక్కటే చాలదు. అనుమానమున్నచోట ఎక్స్-రే ఫ్లోరోసెన్స్ పరికరాన్ని గోడకు దగ్గరగా పెట్టి, అక్కడున్నది ఇనుమో పాదరసమో తేల్చుకుంటారు.