మన యాసునకొక చోటు
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



నిలుకడలేక తిరుగువారిని “ఆసులో కండె” యని లోకులు పరిహసింతురు. ఆ యాసు పోసిన చేయి యెవరిదని యడిగినవా రరుదు. పోచంపల్లి ప్రాంతమున చిటికి పట్టుచీర యొక్కదానికి ఆసుపోయు స్త్రీ తన చేతిని సుమారు 9,000 మారులు అటునిటు త్రిప్పవలసి యుండెను. దినమునకు రెండు చీరలైనచో 18,000 మారులు. మన తల్లుల భుజము లట్లే యరిగిపోయినవి.

తల్లి లక్ష్మిగారి బాధను చూడజాలక ఆలేరు ప్రాంతమువారగు చింతకింది మల్లేశముగారు 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లిపేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ బిరుదము లభించెను. యంత్రము వచ్చుట మనకెంతయు మేలు. కాని యంత్రము రాగానే మేము మా యింటి పాత యాసును వంటచెరకు చేసితిమి. నేడు మనుమడు “అవ్వ యేమి పని చేసెడి”దని యడిగిన, చూపుటకు కొయ్యచీల యొక్కటియు మిగులలేదు. ఈ తప్పు మా యొక్కరిదే కాదని తలంచుచున్నాము.

ప్రభువుల సేకరణములకు హైదరాబాదున 1951లోనే సాలార్‌జంగు ప్రదర్శనశాల వెలసినది. సామాన్యుల వస్తువుల కట్టి చోటు తగదా? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున డిస్ట్రిక్ట్ సిక్స్ అను పేట యుండెను. 1966లో ప్రభుత్వము దానిని తెల్లవారి కేర్పరచి, 60,000 మందికి మించిన జనులను క్రమముగ వెడలగొట్టి, ఇండ్లను కూలద్రోసెను. 1994లో అచట నొక పాత ప్రార్థనామందిరమున ప్రదర్శనశాల వెలసెను. నేలపై పరచిన పేటపటమున పూర్వనివాసులు తమ యిండ్ల చోటులు తామే వ్రాసికొనిరి. పొడవగు గుడ్డపై పేర్లు వ్రాయించి దారముతో కుట్టించిరి. గుడ్డపై పేరు నిలుపుట వారికి తోచినది. గుడ్డనేసిన మనకు తోచలేదు!

కావున మా మనవి స్వల్పము. ప్రతి నేతయూర నొక గది చాలును. దాతలు గది నిచ్చిన, మనము రాట్నము, నాడె, ఆసు తెచ్చి యుంచుదము. ప్రతి వస్తువుచెంత అది యెవరిది, ఏ యూరిది, ఎన్నేండ్లు పనిచేసినది యని వ్రాయుదము. అందు మగవారి పేర్లతోపాటు ఆసుపోసిన స్త్రీల పేర్లు తప్పక యుండవలెను. పేర్లు చెప్పగల వృద్ధురాండ్రు మన యిండ్ల నింకను గలరు. ఈ సభనుండి మరలిన నాడే వారి నడిగి వ్రాసికొనుడని ప్రార్థించుచు విరమించుచున్నాము.