తల్లిలేని కుక్కపిల్లలు
(మన సంఘపు సభలో చదివిన ప్రసంగము)



కార్యాలయమున ఫైళ్లతో ప్రొద్దుపుచ్చు నావంటివాడు కుక్కపిల్లలకు పాలుపట్టుటను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. కాని ఆంధ్ర మహాభారత కథారంభముననే ఒక కుక్కతల్లి దుఃఖము కలదు గదా! నిరపరాధియైన తన బిడ్డను కొట్టిరని సరమ జనమేజయుని నిలదీసినది. మా యింటికిని ఆ సరమ సంతతియే వచ్చినది.

పుదుచ్చేరి మేట్టుపాళయమున పారిశ్రామిక వాడ యున్నది. లారీల రాకపోకలు ఎడతెగవు. ఒక వానకాలపు రాత్రి లారీ క్రిందపడి యొక కుక్క చనిపోయెను. కనులైనను తెరవని మూడు కూనలను మా అమ్మాయి చున్నీలో చుట్టి తెచ్చినది. "పాపము, ఆకలితో నున్నవి నాన్నగారూ!" అనగానే, నేను ఆవుపాలు కాచి చల్లార్చి, ఒక కూనను పసిబిడ్డవలె వెల్లకిల పరుండబెట్టి పాలు పోసితిని. అది దగ్గినది, ముక్కువెంట పాలు వచ్చినవి. మరునాటి సాయంకాలమునకు మరణించినది. తప్పు నాదేయని పశువైద్యుని వలన తెలిసికొని సిగ్గుపడితిని.

ఆయన చెప్పినది మీతో మనవి చేయుదును. మొదట వెచ్చదనము, పిమ్మట పాలు. మొదటి రెండు వారములు కూన తన దేహపు వేడిని తాను నిలుపుకొనజాలదు. చల్లబడిన కూనకు పాలు అరుగవు. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాను ప్రక్కనుంచి, వెచ్చబడిన తరువాతనే పాలు పట్టవలెను. అప్పుడు దానిని బోర్లగా, తల కొంచెము ఎత్తుగా నుంచవలెను. వెల్లకిల నుంచినచో పాలు ఊపిరితిత్తులలో చేరి న్యుమోనియా కలుగును. సీసాను పిండరాదు. ఆవుపాలలోకంటె కుక్కపాలలో కొవ్వును మాంసకృత్తులును హెచ్చు; కావున కుక్కపిల్లలకై తయారగు పాలపొడియే మేలు. మొదటి వారము రాత్రింబవళ్లు రెండు మూడు గంటల కొకమారు పట్టవలెను. పిదప గోరువెచ్చని నీట తడిపిన దూదితో పొట్ట క్రిందిభాగమును మెల్లగా తుడువవలెను. తల్లి నాకినగాని పసికూన మలమూత్రములు విడువజాలదు. ప్రతిదినము తూచి, బరువు పెరుగనిచో వైద్యునికి చూపవలెను. మనకు సమీపమున కురుంబపేటలో పశువైద్య కళాశాల యుండుట మన భాగ్యము.

నాకు తెలిసిన విద్య యొక్కటే గనుక రిజిస్టరు తెరచితిని: వేళ, పాల కొలత, బరువు. నేనును, నా భార్యయు, అమ్మాయియు రాత్రిని మూడు పాళ్లుగా పంచుకొంటిమి. కొన్నాళ్లకు మిగిలిన రెంటికిని కనులు విచ్చినవి. నాలుగవ వారమున పలుచని జావ నాకినవి. రెండవ నెలలో టీకాలును, మూడు నెలలు నిండగా రేబిస్ టీకాయును వేయించితిమి. ఒకదానిని పొరుగింటి తమిళ కుటుంబము వారు పెంచుకొనుచున్నారు. రెండవది మా గడపలో నున్నది. తెలుగున పిలిచినను తమిళమున పిలిచినను తోక యూపును.

ఆ రిజిస్టరు మొదటి పుటలో చనిపోయిన కూన పేరిట ఒక వరుస ఖాళీగా నున్నది. దానిని కొట్టివేయలేదు. మీలో ఎవరి యింటికైనను అట్టి అతిథి వచ్చినచో, పాలగిన్నె పొయ్యిపై పెట్టుటకు ముందు ఆ కూనను చేతితో తాకి చూడుడు. చల్లగా నున్నదేమో తెలిసికొనుడు. ఇంతియే నా మనవి. సెలవు.